ముందు పన్నెండు, వెనక యాభై రెండు

హమామత్సు, కంపెనీ హాస్టలు
మే నెల

బావకి,

మూడేళ్ల తర్వాత నా చేతిరాత చూసి కళ్లు నులుముకుంటున్నావేమో. చావలేదు, బతికే ఉన్నాను. ఉత్తరం అన్నాక మర్యాదకి ముందు రాలిపోయిన చెర్రీ పూల గురించి నాలుగు ముక్కలు రాయాలి. నేను రాయను, నువ్వు చదవవు.

ఫోను చేద్దామనుకున్నాను. నా గొంతు వినగానే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ నా పని ఏమిటో తెలుసా? మోటారు సైకిళ్లకి వెనక దీపాలు బిగించడం. బండి వస్తుంది, దీపం బిగిస్తాను, బండి పోతుంది. ఆదివారాలు మాత్రం కంపెనీ వాళ్ల బురద మైదానంలో నడుపుతాను. అక్కడే కంపెనీ పందెం జట్టు పెద్ద కురిమోతో గారి కంట్లో పడ్డాను. పోయిన వారం పిలిచి, "అక్టోబరులో మీ ఒకుబెత్సు కొండ పందేనికి నేనే వస్తున్నా. మొదటి ముగ్గురిలో ఉన్నావా, జట్టులో చోటు నీది. లేదా, ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకు, దీపాలు బిగించుకో" అన్నారు.

నడపడం నాకు వచ్చు. కొట్టి నేర్పావు కదా, మర్చిపోలేదు. నా బాధంతా చైను తిప్పే స్ప్రాకెట్ల పళ్ల గురించే. కంపెనీ ఇస్తున్న బండికి ముందు పద్నాలుగు పళ్లు, వెనక నలభై ఎనిమిది. అది మైదానానికి సరే. మన కొండకి ఎన్ని వేయాలి? తనిఖీ పందేనికి ముందురోజు సాయంత్రం. అది అయిందంటే బళ్లన్నీ తాడు లోపల పెట్టేస్తారు, తెల్లారేదాకా బోల్టు కూడా ముట్టనివ్వరు. నాకు సెలవు దొరికేది రెండు రోజులు. అంటే ఇక్కణ్ణుంచే సరైన పళ్లు బిగించుకుని రావాలి.

ఆ కొండ సంగతి నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఒక కాలు దానికే ఇచ్చావు మరి. రెండు అంకెలు రాసి పంపు చాలు. ప్రేమ, ఆశీర్వాదం అక్కర్లేదు.

మినెకో అక్కని అడిగానని చెప్పు. కుంటివాడితో కాపురం ఎలా ఉందో ఏమిటో.

ఇసాము


ఒకుబెత్సు
జూన్ నెల

ఒరేయ్ బావమరిదీ,

కుంటివాడికి నీ ఉత్తరం అందింది. మీ అక్కకి చదివి వినిపించాను. ఆ చివరి ముక్క రెండుసార్లు చదివాను. కళ్లొత్తుకుని వంటింట్లోకి పోయింది. తల్లీ తండ్రీ పోయాక తొమ్మిదేళ్లవాణ్ణి చంకనేసుకుని నా ఇంటికి వచ్చిన మనిషి అది. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టు బాగానే రాస్తున్నావు.

వెనక దీపాలు బిగిస్తున్నావన్నమాట! ఇంకేం, ముందువాళ్లందరూ వెళ్లిపోయాక వెలిగే వస్తువు. నీకు తగిన పనే దొరికింది.

పళ్ల సంగతి. నీకు పదమూడో ఏట చెప్పిందే మళ్లీ చెబుతాను. ముందుది చిన్నదయ్యి వెనకది పెద్దదైతే బండి ఎద్దు. లాగుతుంది, పరుగెత్తదు. తిరగేశావా, గుర్రం. పరుగెత్తుతుంది, కొండ ముందుకొచ్చి మోకాళ్లు వేస్తుంది. ముందు ఒక్క పన్ను తీయడం వెనక నాలుగు పెంచడంతో సమానం. ఇంతకంటే రహస్యం ఏమీ లేదు. ఏ ఏడు ఏది కావాలో తెలియాలి, అంతే. ఆ తెలివి నువ్వు మేకుకి తగిలించి పోయావు.

పోయినేడు ఏం జరిగిందో విను. కుషిరో నుంచి ఒకడు వచ్చాడు. చేతిలో మిఠాయి పెట్టె, నడుము వంచి దండాలు. "షోకిచి గారూ, మీరు పెద్దవారు, వెనక ఎన్ని పళ్లు వేస్తే బాగుంటుందండీ?" అన్నాడు. "నలభై ఆరు బాబూ, కళ్లు మూసుకుని వేసుకో" అన్నాను. నా కళ్లలోకి చూసి నమ్మాడు పిచ్చోడు. సగం కొండలో క్లచ్ మాడిపోయింది. పొగలు కక్కుతూ బండిని తోసుకుంటూ దిగాడు. నేను కింద కూర్చుని ఉప్పు చేప నములుతూ చూశాను. వాడి మిఠాయిలు కూడా బాగున్నాయి. రాత్రి పక్క మీద గుర్తొచ్చి నవ్వుతుంటే మీ అక్క విసుక్కుంది. తప్పు వాడిదిరా. పోటీలో ఉన్న షాపుకి వచ్చి దారి అడుగుతారా ఎవరైనా?

నా మెకానిక్ షాపు కూడా పోటీలో ఉంది మరి. ఈసారి మసుమి నడుపుతుంది, పాలవాళ్ల పిల్ల. తెల్లారి ఆవుల్ని పితికి వచ్చి బండెక్కుతుంది. మణికట్లు నీకంటే గట్టివి. చెప్పిన మాట వింటుంది. నీకు లేనిది అదే.

నువ్వు షాపు వదిలి పోయిన నాటి నుంచి నీ నీలం పని చొక్కా మేకుకి అలాగే వేలాడుతోంది. తీసి ఉతికి దాచేస్తానంది మీ అక్క. ముట్టుకోవద్దన్నాను. ఆ చొక్కా నువ్వే వచ్చి తొడుక్కుంటావు, చూస్తూ ఉండు.

షోకిచి


హమామత్సు
జూలై నెల

బావా,

నీ దగ్గర సలహా అడగడం నాదే బుద్ధి తక్కువ. పందెం వాళ్ల నుంచి అచ్చు వేసిన పటం వచ్చింది, నీ అవసరం తీరిపోయింది. కొండ ఎక్కేది చుట్టుకి ఒక్కసారే. దాని తర్వాత వాగు పక్కన రాళ్ల మైదానం నాలుగు కిలోమీటర్లు, చీపురుతో ఊడ్చినట్టు తిన్నగా. అక్కడ గుర్రం కావాలి, నీ ఎద్దు కాదు. బండికి ఉన్న పద్నాలుగు, నలభై ఎనిమిది ఉంచితే చాలనిపిస్తోంది. కొండ మీద కాస్త క్లచ్‌తో బుజ్జగిస్తాను.

మీ పాలపిల్లకి చెప్పు, నా వెనక దీపం చూస్తూ రమ్మని. దీపాలు బిగించడంలో నా అంతటి వాడు లేడు.

ఇక్కడిదాకా రాసి సంతకం పెట్టబోయి, మళ్లీ కూర్చున్నాను. బావా, ఒక్క మాట. ఈ లైనులో నా పక్కన హొందా అని ఈ ఊరివాడే ఒకడు పనిచేస్తాడు. పంతొమ్మిదేళ్లుగా అవే దీపాలు. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా వాడి కుడి మణికట్టు స్క్రూ తిప్పుతున్నట్టు కదులుతూ ఉంటుంది. వాడికి తెలియదు. మొన్న స్నానానికి కూర్చుని చూసుకుంటే నా మణికట్టూ కదులుతోంది. భయమేసింది. ఈ అక్టోబరు పోతే నాకు ఇంకో అక్టోబరు లేదు.

నన్ను తిట్టు, చైనుతో కొట్టు, నీ ఇష్టం. ఆ కుషిరోవాడికి చెప్పినట్టు మాత్రం నాకు చెప్పకు. పళ్లు ఎన్నో ఈ ఒక్కసారి నిజం చెప్పు. దయచేసి.

ఇసాము


ఒకుబెత్సు
సెప్టెంబరు చివర

ఇసాముకి,

తుఫాను వచ్చి పోయింది. వాగు గట్టు తెంచుకుంది. పటంలో నువ్వు చూసిన రాళ్ల మైదానం ఇప్పుడు లేదు. నాలుగు కిలోమీటర్లలో మిగిలింది ఒక చిన్న ముక్క, మూడో గేరు పడేలోపే అయిపోతుంది. పందెం వాళ్లు దారిని కొండ మీదికి మళ్లించారు. చుట్టుకి మూడుసార్లు ఎక్కాలి. వెదురు పొదలు నరికిన నేల, పైన మొదళ్లు, కింద జిగట ఎర్రమట్టి. కొత్త పటం ఇంకా అచ్చు కాలేదు. తనిఖీ నాడే బోర్డు మీద అంటిస్తారు.

ముందు పన్నెండు వేయి. వెనక యాభై రెండు వేయి. ఉన్న చైను చాలదు, ఒక జత లింకులు కలుపు. రెండో గేరులోనే ఎక్కు, మధ్యలో క్లచ్ ముట్టుకోకు. మసుమి బండికి కూడా అవే పళ్లు బిగించాను.

ఆరోగ్యం జాగ్రత్త.

షోకిచి

తమ్ముడూ, ఈ కాగితం కింద కొంచెం చోటు ఉంటే మీ బావని అడిగి రాస్తున్నాను. ఆయన రాసింది నిజమేరా. నేను బంగాళాదుంపలు తవ్వడానికి పోయినప్పుడు వాగు వైపు వెళ్లి నా కళ్లతో చూశాను. మైదానం లేదు. ఆయన చెప్పినట్టే వేసుకో. పందెం అయ్యాక భోజనానికి ఇంటికి రా. నీకిష్టమైన చేప ఊరబెట్టి ఉంచాను. - అక్క


హమామత్సు
అక్టోబరు మొదట

బావా,

శభాష్! నాటకం ఆడితే నీలాగే ఆడాలి. కానీ ఒక్క చోట దొరికిపోయావు. పదిహేనేళ్లలో నీ నోటి నుంచి గానీ కలం నుంచి గానీ తిట్టు లేని మాట ఒక్కటి రాలేదు. ఈ ఉత్తరం మొదట్నుంచి చివరిదాకా వెతికాను, ఒక్క తిట్టు లేదు. పైగా 'ఆరోగ్యం జాగ్రత్త'! అది చదివి హాస్టలు అంతా వినపడేలా నవ్వాను. కుషిరోవాణ్ణి కూడా ఇలాగే 'బాబూ' అని ఉంటావు.

ముందు పన్నెండు, వెనక యాభై రెండా? ఆ పళ్లతో మైదానంలోకి దిగితే ఇంజను గొంతు చించుకుంటుంది, బండి మాత్రం ముసలమ్మలా నడుస్తుంది. నీ పాలపిల్ల చెయ్యి ఊపుతూ దాటిపోతుంది, నువ్వు కింద కూర్చుని చేప నములుతావు. పందెం ఆఫీసుకి ఫోను చేశాను. ఎత్తిన అమ్మాయి "పటం మీకు పంపాం కదండీ, మార్పులుంటే బోర్డు మీద పెడతారు" అంది. అంతే. మైదానం మింగే వరద వచ్చి ఉంటే ఆ పిల్లకి తెలియదా?

అన్నిటికంటే నీచం, అక్క చేత కూడా రాయించడం. నీ తిండి తింటోంది కాబట్టి నీ పాట పాడుతోంది. దానికి చెప్పు, ఆ చేపేదో మీరే తినండి. నేను భోజనానికి రాను.

పద్నాలుగు, నలభై ఎనిమిది. తనిఖీలో వచ్చి లెక్కపెట్టుకో.

ఇసాము


ఒబిహిరో, ఆసుపత్రి
నవంబరు నెల

బావా,

కుడిచేత్తో రాస్తున్నాను. ఎడమచేతికి కట్టు ఉంది. కాగితం కదలకుండా పక్క మంచం ముసలాయన వేలు పెట్టి పట్టుకున్నాడు. చదవడం లేదని ఒట్టేశాడు. చదువుతున్నాడు.

ఆ రోజు నువ్వు అక్కడే ఉన్నావు. అయినా నా వైపు నుంచి కూడా విను.

తనిఖీ బల్ల దగ్గర కుంటుకుంటూ వచ్చి నా బండి వెనక నేల మీద చతికిలబడ్డావు. వేలు పెట్టి ఒక్కొక్క పన్నూ లెక్కపెట్టావు. లేచి, "బాగుంది. చాలా బాగుంది" అని పోయావు. నీ ముఖంలో రంగు లేదు. అది చూసి గెలిచాననుకున్నాను. బండిని తాడు లోపలికి తోసి, వెనక్కి తిరిగి మసుమి బండి చూశాను. వెనక స్ప్రాకెట్ పళ్లెం అంత ఉంది. లెక్కపెట్టాను. యాభై రెండు. అప్పుడు బోర్డు దగ్గరికి పరుగెత్తాను. కొత్త పటం, పసుపు కాగితం, ఇంకా జిగురు ఆరలేదు. మైదానం ఉండాల్సిన చోట అడ్డంగా గీత కొట్టి ఉంది. తాడు దగ్గర కాపలా ఉన్నాయన కాళ్లు పట్టుకోబోయాను. "లోపల పెట్టాక నీ బండి కూడా నీది కాదు నాయనా" అన్నాడు.

కొండ మొదటిసారే ఎక్కలేకపోయాను. మొదటి గేరులో కూడా బండి గుక్క తిప్పుకోలేదు. క్లచ్ జారుస్తూ, జారుస్తూ సగందాకా పోయాను. ఆ మాడు వాసన వచ్చింది. షాపులో ఎవరి బండికైనా ఆ వాసన వస్తే నా తల మీద కొట్టేవాడివి, గుర్తుందా? బండి ఆగి వెనక్కి జారింది, మొద్దుకి తగిలి చైను ఊడింది. చైను ఎక్కించే ముందు బండిని పక్కకి పడుకోబెట్టాలి, అది నాకు తెలుసు. పడుకోబెడితే మళ్లీ లేపే బలం లేదు. నిలబెట్టే ఎక్కించాను. బురదలో బండి ఇంకో జానెడు జారింది, చక్రం తిరిగింది, నా రెండు వేళ్లు చైనుకీ పళ్లకీ మధ్య ఉన్నాయి. చూపుడు వేలు, నడిమి వేలు. క్లచ్ నొక్కే వేళ్లు.

అక్కడే కూర్చుని ఉంటే మసుమి వచ్చింది. "పక్కకి జరగండి!" అని అరిచింది. జరిగాను. చుట్టు తిరిగి మళ్లీ వచ్చింది. ఈసారి అరవలేదు, నేను పక్కనే ఉన్నాను. ఒక్కసారి కూడా క్లచ్ ముట్టుకోలేదు.

కురిమోతో గారు ఆసుపత్రికి వచ్చారు. మంచం పక్కన కూర్చోలేదు. "చెయ్యి సంగతి పక్కన పెట్టు. ఆ కొండకి ఆ పళ్లేమిటి? ఎవరూ చెప్పలేదా?" అన్నారు. నేను ఏం చెప్పను? చెప్పారండీ, నమ్మలేదండీ అని చెప్పనా? కంపెనీ నుంచి కూడా కాగితం వచ్చింది. మూడు వేళ్ల చేత్తో దీపాలు బిగించడం కుదరదట. పరామర్శకి ఒక కవరు, ఒక పుచ్చకాయల బొమ్మ తువ్వాలు పంపారు.

ఇక్కడ పడుకుని నీ ఉత్తరాలన్నీ వరసగా తలుచుకున్నాను. ముందు ఆ కుషిరోవాడి కథ. నీ కథలు నాకు కొత్త కాదు, కానీ అంత పొడుగున ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత ఒక్క తిట్టు కూడా లేని ఉత్తరం. బావా, ఒక్కటే అడుగుతున్నాను. నేను నమ్మనని నీకు ముందే తెలుసా?

ఇసాము


ఒకుబెత్సు
డిసెంబరు నెల

ఇసాముకి,

తెలుసు.

నువ్వు 'దయచేసి' అని రాసిన నాడే, నువ్వు నమ్మని తీరులో నిజం చెప్పాలని నిర్ణయించుకున్నాను. అబద్ధం చెప్పి నిన్ను పడగొట్టి ఉంటే జీవితాంతం నన్ను తిట్టుకుంటూ బతికేవాడివి. మా బావ మోసం చేశాడు, లేకపోతే నేను ఎక్కడో ఉండేవాణ్ణి అని ప్రతి సారా కొట్టులోనూ చెప్పుకునేవాడివి. నిజం చెప్పాను. ఇప్పుడు ఎవర్ని తిట్టుకుంటావు? నా ఉత్తరం దాచి ఉంటే తీసి చూసుకో. ఒక్క అంకె తప్పు లేదు. చైను లింకుల సంగతి కూడా చెప్పాను.

కుషిరోవాడి కథ ఉత్తదే. వాడు వచ్చిన మాట నిజం, మిఠాయి తెచ్చిన మాట నిజం. వాడికి సరైన పళ్లే చెప్పాను, ఆరోవాడిగా వచ్చాడు. ముప్ఫై ఏళ్లలో ఈ షాపులో పళ్ల లెక్క ఎవడికీ తప్పు చెప్పలేదు. ఆ మాట నీకు తెలియాలి. చిన్నప్పట్నుంచి నా బల్ల పక్కన పెరిగినవాడివి. చైనుతో కొట్టాను, అన్నం మాన్పించాను, మంచులో నిలబెట్టాను. బండి గురించి ఏనాడైనా అబద్ధం చెప్పానా? ఆ ఒక్కటి గుర్తున్నా గెలిచేవాడివి. గెలిచి ఉంటే నా నోరు మూతపడేది. అంత అవకాశమూ ఇచ్చాను నీకు.

తనిఖీలో నా ముఖంలో రంగు లేదని రాశావు. నలభై ఎనిమిదో పన్ను దగ్గర వేలు ఆగినప్పుడు ఇంకోసారి మొదట్నుంచి లెక్కపెట్టాను. అబద్ధం ఎందుకు చెప్పాలి? నువ్వు నమ్మి వస్తావేమో అని ఒక పక్క భయం, ఒక పక్క ఆశ ఉండేవి. రెండూ అక్కడ చచ్చాయి. వేళ్లు పోతాయని మాత్రం అనుకోలేదు. అనుకుని ఉంటే ఆగేవాణ్ణా అంటే, ఆగేవాణ్ణని చెప్పలేను.

మీ అక్క సంగతి. నీ అక్టోబరు ఉత్తరం ఆమెకి చూపించలేదు. నవంబరు ఉత్తరం వచ్చినప్పుడు రెండూ కలిపి నా జేబులోంచి తీసి చదువుకుంది. చదివి, "వాడు నమ్మడని తెలిసి కూడా నా చేత రాయించావా?" అని అడిగింది. చోటు ఉందంటే నువ్వే రాశావు కదా అన్నాను. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. పరుపు తీసుకుని షాపు మీద గదిలోకి మారిపోయింది. కూడు వండుతుంది, గిన్నె పెట్టి పోతుంది. నీ గురించి కూడా ఏమీ అనదు. నా తిండి తిని నా పాట పాడిందన్నావు చూడు, ఆ వాక్యం దగ్గర కాగితం చిరిగి ఉంది. ఊరబెట్టిన చేప మసుమి తీసుకుపోయింది. మూడో స్థానంలో వచ్చింది ఆ పిల్ల, ఎవరికైనా పెట్టాలి కదా.

ఇక పని సంగతి. మూడు వేళ్లతో స్పానరు పట్టుకోవచ్చు, ఆకురాయి పట్టుకోవచ్చు. నేను ఒంటికాలితో ముప్ఫై ఏళ్లుగా నెట్టుకొస్తున్నాను. కుంటివాడు ఒకడు, మూడు వేళ్లవాడు ఒకడు, ఒక మనిషికి సరిపోతాం. జీతం సంగతి వచ్చాక చూద్దాం. చొక్కా మేకుకే ఉంది. నా మీద కోపంతో, ముట్టుకోవద్దన్నా వినకుండా, ఆ చొక్కా కాలర్ మాత్రం మీ అక్క ఉతికి పెట్టింది.

మధ్యాహ్నం రైలుకి రా. స్టేషను నుంచి వచ్చేటప్పుడు పాత వంతెన దారి పట్టకు. కుడివైపున్న ఆ దారి వరదకి కొట్టుకుపోయింది, పైన మంచు కప్పేసి గట్టి నేలలా కనిపిస్తుంది, కాలు పెట్టావా నడుం లోతు నీళ్లు. ఎడమవైపు తిరుగు. దూరం, కానీ నేల ఉంది.

నమ్మితే నమ్ము.

షోకిచి


ఒబిహిరో
డిసెంబరు చివర

బావగారికి,

మీ ఉత్తరం అందింది. సోమవారం కట్టు విప్పుతారు. మంగళవారం మధ్యాహ్నం రైలుకి బయల్దేరుతున్నాను.

అక్కకి నేను ఏమీ రాయలేను. రాసింది నమ్మమని అడిగే హక్కు నాకు లేదు. మేడమీద గది తలుపు దగ్గర నిలబడి తనే తీసేదాకా ఉంటాను. తియ్యకపోతే కింద షాపులో పడుకుంటాను.

రాత్రిళ్లు నిద్రలో కుడి మణికట్టు ఇంకా తిరుగుతూనే ఉందట, పక్క మంచం ముసలాయన చెప్పాడు. ఇకనుంచి మీ బల్ల దగ్గర తిరుగుతుంది.

ఎడమ దారినే వస్తాను.

ఇసాము